సౌప్తికం చదవని మనం

2024 జూన్ చివర ‘కల్కి 2898 ఏడీ’ సినిమా వచ్చింది. బడులు తెరిచిన కొత్త. చింతలపూడిలో మా పదో తరగతి కుర్రవాడొకడు పాఠం మధ్యలో లేచి, “అశ్వత్థామ మంచివాడా చెడ్డవాడా మాస్టారూ?” అని అడిగాడు. తెలుగు ఎమ్మే చదివి ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్న నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కథ తెలియక కాదు. ఆ కథ ఉన్న సౌప్తికపర్వాన్ని ఎప్పుడో పరీక్షకోసం ఒకసారి తిరగేశానే తప్ప, చదవవలసిన పద్ధతిలో చదవలేదు. ఆ సాయంత్రం తిక్కన భారతం దింపి ఆ పర్వం తెరిచాను. ఉన్నది రెండే ఆశ్వాసాలు. రాత్రి భోజనానికి లేవకుండా పూర్తి చేశాను.

ఇది నా ఒక్కడి లోపమే అయితే ఈ వ్యాసం రాయనక్కరలేదు. తెలుగువాళ్లం భారతాన్ని ఎక్కడివరకు చదువుతాం, ఏ పుటదగ్గర పుస్తకం మూస్తాం అన్నది మన సాహిత్యాభిరుచికి సంబంధించిన ప్రశ్న. వానలు పడకపోతే విరాటపర్వం చదివిస్తాం. పద్యనాటకంలో రాయబారం కావాలి. తిరుపతి వేంకట కవుల పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టని ఊరు మా మెట్టలో లేదు. మనిషి చనిపోతే మైకులో ఘంటసాల గీత పెడతాం. రాయబారం యుద్ధానికి ముందు. గీత యుద్ధం మొదటిరోజు ఉదయం. యుద్ధం ముగిసిన రాత్రి ఏమైందో మాత్రం మనం ఎవరిచేతా చదివించుకోం.

ఈ అలవాటు మనకే కాదు, ప్రపంచానికీ అంటుకుంది. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పరీక్షించినప్పుడు తనకు భగవద్గీతలోని విశ్వరూప ఘట్టం గుర్తుకువచ్చిందని ఓపెన్‌హైమర్ తరువాత చెప్పాడు. 1965లో టెలివిజన్‌లో ఆయన చెప్పిన ఆ మాట ఇవాళ బడిపిల్లలకు కూడా తెలుసు. 2023లో ఆయనమీద సినిమా వచ్చాక మరీ తెలిసింది. మనవాళ్లు దానికి మురిసిపోయారు. కాని సాహిత్య విమర్శకుడు ఇక్కడ ఆగి ఒక చిన్న ప్రశ్న వేయాలి. ఆయనకు గుర్తురావలసిన పర్వం అదేనా? గీత చెప్పిన వేళకు ఒక్క బాణం కూడా పడలేదు. ఎదురుగా పదకొండు అక్షౌహిణుల సైన్యం ఆయుధాలతో నిలబడి ఉంది. 1945 ఆగస్టు నాటికి జపాన్ నౌకాదళం చాలావరకు సముద్రగర్భంలో ఉంది. నగరాలు ఒకటొకటిగా తగలబడ్డాయి. మిత్రదేశమైన జర్మనీ మే నెలలోనే లొంగిపోయింది. అది భీష్మపర్వం కాదు. శల్యపర్వం కూడా అయిపోయి, రాజు తొడలు విరిగి నేలమీద పడివున్న ఘట్టం. భారతంలో ఆ ఘట్టం తరువాత వచ్చేది సౌప్తికం.

ఇంకొక రకం చదువరులున్నారు. బ్రహ్మాస్త్రమే అణుబాంబు అనీ, మన పూర్వులు అన్నీ ముందే కనిపెట్టారనీ వాళ్ల వాదం. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్ పరీక్షలు జరిగినప్పుడు ఈ మాట ఊరూరా వినిపించింది. మన క్షిపణులకు, రాకెట్లకు అగ్ని అనీ పినాక అనీ పేర్లు పెట్టుకోవడంలో కూడా కొంత ఈ మురిపెం ఉంది. భారతకవికి అణుశాస్త్రం తెలియదు, తెలియనక్కరా లేదు. ఆయనకు తెలిసింది వేరు: పెద్ద యుద్ధం ముగింపుకు వచ్చేసరికి మనిషి తనకు తాను ఏయే అనుమతులు ఇచ్చుకుంటాడో ఆయనకు తెలుసు. ఈ విద్యను వదిలేసి ఆయనకు లేని విద్యను అంటగట్టడం ఆయనను పొగడటం కాదు, చదవకుండా తప్పించుకోవడం.

పర్వంలోకి వెళ్దాం. పద్దెనిమిదో రోజు సాయంత్రానికి కౌరవపక్షంలో మిగిలిన మహారథులు ముగ్గురు. అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదన్న నియమాన్ని తప్పి భీముడు దుర్యోధనుడి తొడలు విరిచాడు. నేలమీద పడివున్న ఆ రాజు, కృపుడిచేత నీళ్లు తెప్పించి, అశ్వత్థామకు సేనాపతిగా అభిషేకం చేయించాడు. ఇద్దరు మనుషుల సేనకు సేనాపతి! యుద్ధం ఓడిపోయిందని అక్కడున్న నలుగురికీ తెలుసు. రాజ్యం తిరిగిరాదు. అయినా అభిషేకం జరిగింది. గెలుపుకోసం కాని సైన్యాధిపత్యం అది.

రాత్రి ముగ్గురూ అడవిలో ఒక పెద్ద మర్రిచెట్టుకింద చేరారు. కృపుడూ కృతవర్మా అలసి నిద్రపోయారు. అశ్వత్థామకు నిద్ర పట్టలేదు. చెట్టుమీద వేల కాకులు నిద్రపోతున్నాయి. ఒక గుడ్లగూబ చప్పుడు చేయకుండా వచ్చి, నిద్రలో ఉన్నవాటిని ఉన్నట్టే చంపింది. కొన్నిటి రెక్కలు, కొన్నిటి తలలు, కొన్నిటి కాళ్లు విరిచింది. చెట్టుకింద నేల కళేబరాలతో నిండిపోయింది. మా మెట్టలో మామిడితోటలకు కాపలా పడుకునేవాళ్లకు ఈ దృశ్యం వింతగా ఉండదు. పగలు గుడ్లగూబ కంటపడితే కాకులు మూగి ఎట్లా పొడుస్తాయో, రాత్రి లెక్క ఎట్లా తిరగబడుతుందో వాళ్లకు తెలుసు. కవి ఆ మామూలు దృశ్యాన్నే తీసుకున్నాడు. అశ్వత్థామకు ఉపదేశం చేసింది దేవుడు కాదు, రుషి కాదు, ఒక పక్షి. ఆకలితో వేటాడే పక్షినుంచి ఆకలి లేని మనిషి యుద్ధవిద్య నేర్చుకున్నాడు.

అతడు మిగిలిన ఇద్దరినీ లేపి సంగతి చెప్పినప్పుడు జరిగిన సంభాషణ ఈ పర్వానికి గుండెకాయ. కృపుడు చెప్పినవన్నీ మంచిమాటలే. నిద్రపోతున్నవాణ్ణి, ఆయుధం వదిలినవాణ్ణి, రథం పోయినవాణ్ణి చంపరాదు. ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడిగి చేద్దాం. ఈ రాత్రి పడుకో, తెల్లవారి కవచం తొడిగి ఎదురుగా వెళ్దాం. అశ్వత్థామ ఇచ్చిన జవాబుకు సారం ఒక్కటే. ధర్మమనే కట్టను వాళ్లు ఎప్పుడో నూరు తునకలు చేశారు, మీరు ఇవాళ నన్ను దానికి కాపలా ఉండమంటున్నారు. శిఖండిని అడ్డం పెట్టి భీష్ముణ్ణి పడగొట్టారు. నా పేరుతోనే అబద్ధమాడి నా తండ్రిచేత విల్లు వదిలించి తల నరికారు. చక్రం కుంగిన కర్ణుణ్ణి చంపారు. ఇప్పుడు ఈ తొడలు.

పాఠకులు గమనించవలసిన విషయం: ఈ జాబితాలో అబద్ధం ఒక్కటీ లేదు. కవి అతనిచేత అసత్యం చెప్పించలేదు. అవతలివాడు నిజంగానే ముందు తప్పాడు. ఆ నిజాన్ని పట్టుకునే ఇతడు ఎవరూ తప్పనంత దూరం తప్పాడు.

భీష్మపర్వం మొదట్లో రెండు పక్షాలూ కూర్చుని నియమాలు ఏర్పరచుకున్నాయి. పారిపోయేవాణ్ణి కొట్టరాదు, రథికుడు రథికుడితోనే పోరాడాలి, సారథులను, వాద్యాలు వాయించేవాళ్లను, ఆయుధాలు మోసేవాళ్లను చంపరాదు. ఆ ఒప్పందంనుంచి ఈ రాత్రికి పద్దెనిమిది రోజులు. మన కాలపు లెక్క ఇంకాస్త పొడుగు. 1939 సెప్టెంబరు 1న యుద్ధం మొదలైన రోజే అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్, రక్షణ లేని నగరాలమీద, పౌరులమీద విమానాలతో బాంబులు వేయవద్దని యుద్ధదేశాలన్నిటినీ కోరాడు. అప్పటికే గెర్నికా తగలబడింది. చైనా నగరాలమీద జపాన్ బాంబులు పడుతున్నాయి. తరువాత వార్సా, రాటర్‌డామ్, కోవెంట్రీ. ఆపైన కట్ట రెండోవైపునుంచి తెగింది. 1943లో హాంబర్గ్, 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్. 1945 మార్చి 9 రాత్రి తెల్లవారేలోగా టోక్యోలో దాదాపు లక్షమంది అగ్నిబాంబులకు మాడిపోయారు. చెక్క ఇళ్లు, గాలి తోలుతున్న రాత్రి, నిద్రలో ఉన్న పేటలు. ఇంత జరిగాక ఆగస్టులో హిరోషిమామీద బాంబు వేయడానికి కొత్తగా దాటవలసిన గీత ఏమీ మిగలలేదు. ఒక్కొక్క తునక తెగినప్పుడు అవతలివాడి తప్పు సాక్ష్యంగా పనికివచ్చింది. కట్టతెగుడు గురించి అశ్వత్థామ చేసిన వాదాన్ని 20వ శతాబ్దిలో ప్రతి రాజ్యమూ చేసింది.

ఇక్కడ నిజాయితీగా ఒక తేడా ఒప్పుకోవాలి. అశ్వత్థామ ఓడినవాడు. హిరోషిమామీద బాంబు వేసినవాడు గెలుస్తున్నవాడు. ఓడిపోతున్నవాడి కడపటి ఆయుధాలు కూడా ఆ యుద్ధంలో ఉన్నాయి. 1944 సెప్టెంబరునుంచి లండన్‌మీద పడిన జర్మన్ వీ-2 రాకెట్లు, 1944 అక్టోబరునుంచి విమానంతో సహా ఓడమీద పడి చావమని జపాన్ తన కుర్రవాళ్లను పంపిన కామికాజీ దాడులు. వీ-2ను ఖైదీలచేత సొరంగాల్లో చేయించారు. దానిదెబ్బకు చచ్చినవాళ్లకంటే దాన్ని తయారుచేస్తూ చచ్చినవాళ్లే ఎక్కువని చరిత్రకారులు లెక్క తేల్చారు. ఇవన్నీ నిస్పృహ చేసిన పనులు. గెలుస్తున్నవాడికి నిస్పృహ లేదు, తొందర ఉంది. దండయాత్రలో తమ సైనికులు చావకూడదన్న తొందర, సోవియట్ సైన్యం జపాన్‌మీదికి రాకముందే ముగించాలన్న తొందర, కోట్ల డాలర్లు పోసి చేసిన వస్తువు పనిచేస్తుందో లేదో చూసుకోవాలన్న తొందర. వీటిలో ఏది ఎంత అన్నదానిమీద చరిత్రకారులు ఇంకా తగవులాడుతూనే ఉన్నారు. బాంబు వేయకపోయినా, సోవియట్లు రాకపోయినా, 1945 ముగిసేలోపల జపాన్ లొంగిపోయి ఉండేదని అమెరికా ప్రభుత్వం వేసిన బాంబింగ్ సర్వే సంఘమే 1946లో అభిప్రాయపడింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే సంగతి. బాంబు దెబ్బ ఎంతో స్పష్టంగా కొలుచుకోవడానికి వీలుగా కొన్ని నగరాలను మామూలు దాడులనుంచి తప్పించి అట్టే ఉంచారు. తమ ఊరు ఎందుకు మిగిలిందా అని హిరోషిమా జనం ఆశ్చర్యపోతూ ఉండగా, అది ప్రయోగానికి దాచిపెట్టిన ఊరు.

ఇక ఆ రాత్రి. శిబిరంలో అశ్వత్థామ ముందు వెళ్లింది తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుడి పడక దగ్గరికి. నిద్రలేచిన ధృష్టద్యుమ్నుడు ఆయుధంతో చంపమని అడిగాడు. అశ్వత్థామ ఆ మర్యాద కూడా ఇవ్వక, పశువును చంపినట్టు కాళ్లతో తన్ని చంపాడు. ఆ తరువాత ద్రౌపది కొడుకులు అయిదుగురు. ఆ తరువాత ఎవరు దొరికితే వాళ్లు. తండ్రిపగ ఒక్క మనిషితో తీరింది. మిగిలిన రాత్రి అంతా దేనికి? కవి ఈ ప్రశ్న వేయడు. చంపుతున్నకొద్దీ చంపవలసినవాళ్లు పెరగడం మాత్రం చూపిస్తాడు.

కృపుడూ కృతవర్మా ఆ సమయంలో ఎక్కడున్నారు? ద్వారం దగ్గర. లోపలినుంచి బట్టలు జారిపోతూ, చేతులు జోడిస్తూ పరుగెత్తుకొచ్చినవాళ్లను వాళ్లిద్దరూ అక్కడ నరికారు. లోపల సరిగ్గా కనపడటానికి శిబిరానికి మూడుచోట్ల నిప్పుపెట్టారు. కొన్ని గంటలకు ముందు ధర్మం చెప్పిన కృపుడే! అతడు మనసు మార్చుకున్నట్టు కవి ఎక్కడా చెప్పలేదు. వాదంలో ఓడినట్టు కూడా చెప్పలేదు. అశ్వత్థామ రథం కట్టాడు, కృపుడు వెనక వెళ్లాడు, అంతే. సౌప్తికంలో నాకు అశ్వత్థామకంటే భయంకరుడుగా కనిపించింది కృపుడు. అశ్వత్థామకు కోపముంది, శోకముంది. కృపుడికి జ్ఞానముంది.

అణుబాంబు చరిత్రలో కృపులు చాలామంది. 1945 జూన్‌లో షికాగో శాస్త్రజ్ఞులు జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో ఒక నివేదిక రాసి, హెచ్చరిక లేకుండా నగరంమీద వేయవద్దనీ, ముందు ఎడారిలోనో దీవిలోనో ప్రపంచం ఎదుట చూపించమనీ కోరారు. అదే జూన్‌లో ఓపెన్‌హైమర్, ఫెర్మీ, లారెన్స్, కాంప్టన్‌లతో కూడిన సలహాసంఘం అలాంటి ప్రదర్శనతో యుద్ధం ముగుస్తుందని తాము చెప్పలేమనీ, నేరుగా ప్రయోగించడం తప్ప వేరే దారి కనిపించడం లేదనీ జవాబిచ్చింది. జూలైలో జిలార్డ్ డెబ్బైమంది సంతకాలతో పంపిన అర్జీ సమయానికి అధ్యక్షుడిని చేరనేలేదు. అభ్యంతరం చెప్పినవాళ్లలో ఎక్కువమంది చెప్పాక కూడా తమ బల్లలదగ్గరే పనిచేస్తూ ఉన్నారు. జర్మనీ బాంబు చేయడం లేదని తేలగానే, 1944 చివర, మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయినవాడు జోసెఫ్ రాట్‌బ్లాట్. 1995లో ఆయనకు శాంతి బహుమతి ఇచ్చారు. మర్రిచెట్టుకింద లేచి, నేను రాను అని వేరే దారి పట్టిన మనిషి భారతంలో లేడు. ఉండివుంటే ఆ పర్వం ఎట్లా ఉండేదో!

అస్త్రప్రయోగం తెల్లవారిన తరువాతి కథ. అప్పటికి చంపవలసినవాళ్లు ఎవరూ మిగలలేదు. భీముడు తరుముకొచ్చాడు, వెనక అర్జునుడూ కృష్ణుడూ ధర్మరాజూ వచ్చారు. గంగ ఒడ్డున వ్యాసుడి పక్కన, ఒంటికి నెయ్యి పూసుకుని నారబట్ట కట్టుకుని కూర్చున్న అశ్వత్థామ ఒక రెల్లుపుల్ల తీసి, పాండవులు లేకుండా పోవాలని సంకల్పించి బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని వదిలాడు. మనుషులమీద ఎంత ఆపదలోనైనా ప్రయోగించవద్దని తండ్రి చెప్పి ఇచ్చిన అస్త్రం అది. ఇవ్వడం కూడా కొడుకు పట్టుపడితే ఇష్టం లేకుండానే ఇచ్చాడు. అవతల అర్జునుడు కూడా అదే అస్త్రం వదిలాడు. ముందు గురుపుత్రుడికి మేలు కలగాలని కోరి, తరువాత తనకూ తనవాళ్లకూ కోరుకుని, అస్త్రం అస్త్రంతో శమించుగాక అని వదిలాడు. ఎంత మంచి సంకల్పం! అయినా మంటకు సంకల్పంతో పనిలేదు. రెండు మంటలమధ్య నారదుడూ వ్యాసుడూ వచ్చి నిలబడ్డారు. ఇద్దరినీ వెనక్కి తీసుకోమన్నారు. మీది న్యాయమైన అస్త్రమని వాళ్లు అర్జునుడికి మినహాయింపు ఇవ్వలేదు.

బ్రహ్మశిరాన్ని ఇంకొక అస్త్రంతో కొట్టిన దేశంలో పన్నెండేళ్లు వాన పడదని వ్యాసుడు అక్కడ చెప్పిన మాట. అణుయుద్ధం తరువాతి చలికాలం గురించి ముందే చెప్పాడని ఈ మాటను కూడా లాక్కుపోతారు మన పూర్వవిజ్ఞానవాదులు. వద్దు. ఇది సేద్యం చేసుకునే జనం ఊహించగల అన్నిటికంటే పెద్ద శిక్ష. ఒక్క ఏడు పూత నిలవకపోతే, ఒక్క గాలివానకు రసాలు పిందెలోనే రాలిపోతే చింతలపూడి చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో పెళ్లిళ్లు ఆగిపోతాయో నాకు తెలుసు. పన్నెండేళ్లు అన్న మాట విని అర్జునుడు అస్త్రం మళ్లించాడంటే, కవి అక్కడ రాజుల లెక్క కాక రైతుల లెక్క చెప్పించాడు.

అర్జునుడికి ఉపసంహారం వచ్చు. తనవాళ్లు కాలిపోతారేమోనన్న భయం ఉండికూడా వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామకు రాదు. వదలడం ఒక్కటే వచ్చిన ఆయుధాన్ని ఎక్కడో ఒకచోట పడేయాలి గనక పాండవస్త్రీల గర్భాలమీదికి మళ్లించాడు. ఉత్తర కడుపులో ఉన్న శిశువు చచ్చి పుట్టాడు, కృష్ణుడు బతికించాడు. శత్రువంటూ మిగలని యుద్ధంలో చివరి గురి, ఇంకా పుట్టనివాడు.

ఈ ఘట్టం చదువుతున్నప్పుడు నాకు కావ్యం పక్కకు తప్పుకుంది. బాంబు పడినప్పుడు తల్లికడుపులో రెండుమూడు నెలలవాళ్లుగా ఉండి, తరువాత చిన్నతలలతో, ఎదగని బుద్ధితో పుట్టిన పిల్లలు హిరోషిమా, నాగసాకిల్లో ఉన్నారు. వాళ్లను బతికించే కృష్ణుడు లేడు. ఇంకొకటి, బడిపంతులుగా మరిచిపోలేనిది. 1945 ఆగస్టు 6 ఉదయం, నిప్పు అంటుకున్నా వ్యాపించకుండా ఇళ్లు పడగొట్టి ఖాళీస్థలాలు చేసే పనికి హిరోషిమా బడిపిల్లలను వేలమందిని వీధుల్లోకి తెచ్చారు. ఎక్కువమంది పన్నెండు, పదమూడేళ్లవాళ్లు. ఎనిమిదీ పదిహేను నిమిషాలకు బాంబు పేలింది. వాళ్లలో దాదాపు 6,000 మంది పోయారు. మా బడిలో హాజరు తీసుకునే వేళ కూడా ఇంచుమించు అదే. ఆ ఊళ్లో ఏడాది చివరికి లెక్కతేలిన చావులు సుమారు 1,40,000. మూడు రోజులకు నాగసాకి. ఆరోజు అసలు గురి కోకురా అనే ఊరు. పైన మబ్బూ పొగా కమ్మి ఉండటంవల్ల విమానం నాగసాకికి తిరిగింది. అక్కడ ఇంకొక 70,000 మంది. హిరోషిమా సైనికస్థావరమని ట్రూమన్ ఆ 9వ తేదీనే రేడియోలో చెప్పాడు.

ఇప్పుడు మన సంగతి. యుద్ధం మన గడపదాకా వచ్చింది 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడలమీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు. మరుసటి ఏడాది తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. 1950 మార్చిలో స్టాక్‌హోం పిలుపు వచ్చాక అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా సంతకాలు సేకరించిన, పాటలు కట్టిన సంప్రదాయం మనది. ఆ సంప్రదాయాన్ని తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. కాని మన శాంతిగీతాల్లో, వచనకవితల్లో ఒక పాత జబ్బు ఉంది. అందులో బాంబు రాక్షసి, భూతం, కాలసర్పం. కోరలుంటాయి, జడలుంటాయి. చేసినవాడు ఒకడు దూరంగా టోపీ పెట్టుకుని చుట్ట తాగుతూ ఉంటాడు. రాక్షసి చేసిన పనికి మనుషుల్లో ఎవరిని నిలదీయాలి? తిక్కన అశ్వత్థామను రాక్షసుణ్ణి చేయలేదు. గురుపుత్రుడు, తండ్రి చనిపోయిన కొడుకు, న్యాయమైన ఫిర్యాదు ఉన్న మనిషిగా ఉంచాడు. అందుకే ఆ రాత్రి చదువుతున్నప్పుడు వెన్ను చల్లబడుతుంది. మన శాంతికవిత చదివినప్పుడు చప్పట్లు కొట్టబుద్ధవుతుంది.

రెండో జబ్బు చెప్పడానికి నాకూ కొంచెం కష్టమే. కట్టను సామ్రాజ్యవాదులు తెంచినప్పుడు గొంతెత్తిన మనం, 1949లో సోవియట్ బాంబు పేలినప్పుడు, 1961లో అంతకు ముందెన్నడూ లేనంత పెద్దది పేలినప్పుడు ఎంత గొంతెత్తామో ఎవరికివారు పాత సంచికలు తిరగేసి చూసుకోవచ్చు. అవి అర్జునుడి అస్త్రాలని మనం అనుకున్నాం. వ్యాసుడు అర్జునుడికి కూడా వెనక్కి తీసుకోమనే చెప్పాడని ఎవరూ గుర్తుచేయలేదు. సౌప్తికం చదివివుంటే గుర్తువచ్చేది.

తెలుగులో ఈ కథకు ఇంకొక రూపం ఉంది. పోతన భాగవతం ప్రథమస్కంధంలో అర్జునుడు అశ్వత్థామను కట్టి తెస్తే, తనలాగా వీడి తల్లి ఏడవకూడదని ద్రౌపది వదిలిపెట్టమంటుంది. కరుణరసానికి అది గొప్ప ఘట్టం. మన వాచకాల్లో చోటు దొరికింది కూడా ఆ ద్రౌపదికే. తిక్కన ద్రౌపది అట్లా అనదు. నిరాహారంగా కూర్చుని, వాడి తలలో ఉన్న మణి తెచ్చి చూపిస్తేగాని లేవనంటుంది. క్షమించే తల్లిని పిల్లలకు నేర్పించడం సులువు. జవాబు అడిగే తల్లిని నేర్పించడానికి పాఠ్యపుస్తక సంఘాలకు ధైర్యం చాలలేదనుకుంటాను. సినిమా కూడా ఇంకొక పద్ధతిలో ఇదే పని చేసింది. గర్భస్థశిశువే చివరి గురి అన్న సంగతిని కోట్లమందికి చూపించినందుకు ‘కల్కి’ని మెచ్చుకోవాలి. కాని దానికి కావలసింది శాపం మోస్తున్న ముసలి యోధుడు, ఇంకొక గర్భానికి కాపలాగా నిలబడే మహాబలుడు. నిద్రలో ఉన్నవాళ్లను చంపినవాడు కాదు.

తిక్కనకు ఇది పుస్తకాల్లో చదివిన యుద్ధమే కాదని కూడా గుర్తుంచుకోవాలి. 13వ శతాబ్ది నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజు సింహాసనం పోగొట్టుకుంటే ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చినవాడని చెబుతారు. జ్ఞాతి ఖడ్గతిక్కన పశువుల మేత పుల్లరి తగవులో, కాటమరాజుతో జరిగిన పోరులో చనిపోయాడని కథలున్నాయి. గడ్డికోసం మనుషులు చావడం ఆ ఇంటివాళ్లకు తెలుసు.

సౌప్తికంలో ఒక మనిషి గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. ధృష్టద్యుమ్నుడి సారథి. శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడి, తెల్లవారి ధర్మరాజుకు వార్త చెప్పినవాడు అతడొక్కడే. కృతవర్మ ఏమరిపాటుగా ఉన్న క్షణంలో తప్పించుకున్నాడట. పాండవులూ కృష్ణుడూ సాత్యకీ ఆ రాత్రి వేరేచోట ఉన్నారు గనక బతికారు. లోపల ఉండి చూసినవాడు ఇతడు. ఒప్పందం ప్రకారం ఎవరూ చంపకూడని జాతివాడు, గుర్రాలు తోలేవాడు. రాజుల పేర్లు, శంఖాల పేర్లు, విల్లుల పేర్లు చెప్పే కావ్యం ఇతని పేరు చెప్పలేదు. హిరోషిమాలో చచ్చినవాళ్లలో వేలమంది కొరియన్లు. చాలామంది పనికోసం తరలించుకువచ్చిన కూలీలు, వాళ్ల కుటుంబాలవాళ్లు. వాళ్ల సంగతి కూడా చాలాకాలం ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి అక్కడితో అయిపోలేదు. 36 ఏళ్ల తరువాత, మౌసలపర్వంలో, ప్రభాసతీర్థంలో తాగిన మత్తులో సాత్యకి కృతవర్మను దెప్పిపొడిచాడు. నిద్రపోతున్నవాళ్లను చంపిన మగవాడివి నువ్వు అని. కృతవర్మ ఊరుకోలేదు. చెయ్యి తెగి ప్రాయోపవేశం చేసిన భూరిశ్రవుణ్ణి నువ్వు చంపలేదా అన్నాడు. మళ్లీ ఆ జాబితాయే. సాత్యకి కత్తి దూసి అతని తల నరికాడు. యాదవకులం మొత్తం అక్కడ ఒకరినొకరు చంపుకుంది.

నా ప్రశ్నకు నేను వెతుక్కున్నది ఇది. వారం తరువాత తరగతిలో సౌప్తిక కథ మొత్తం వచనంలో చెప్పాను. అశ్వత్థామ మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు. వెనకబల్ల అమ్మాయి ఒకతె, “కృపాచార్యులకి ఏ శిక్ష పడింది సార్?” అంది. శిక్ష ఏమీ లేదు. హస్తినలోనే ఉన్నాడు. పాండవులు మహాప్రస్థానానికి వెళ్తూ పరీక్షిత్తును ఆయనకే శిష్యుడిగా అప్పగించారు. ఆ మాటే చెప్పాను. “పుట్టకముందే చంపాలని చూసిన పిల్లాడికా? మరి ఆ రాత్రి సంగతి ఆయన చెప్పాడా సార్ వాడికి?” అంది.

ఇంటికి వచ్చి పుస్తకంలో వెతికాను. ఎక్కడా లేదు.